బామ్మర్ది చేతిలో పెట్టిన డబ్బు

ఉప్పల్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వు గబగబా చెప్పింది అమ్మకి సగమే ఎక్కింది. "దాని వెబ్‌సైటు పేరు ఎవరో కొంటాడట, డబ్బులు ఎక్కడో వేస్తాడట" అని నాకు చేరవేసింది. పిన్ని పచ్చళ్ల కోసం 2019లో నువ్వు కొన్న డొమైన్ పేరుకి 4,000 డాలర్లు ఇస్తానని విదేశం నుంచి మెయిల్ వచ్చిందనీ, డబ్బు ఎస్క్రోలో, అంటే ఇద్దరికీ మధ్య ఉండే మూడోవాడి దగ్గర పెడతానన్నాడనీ మళ్లీ నీకు ఫోన్ చేస్తేగానీ నాకు తెలియలేదు. రెండు రాత్రులు కూర్చుని దీని గురించి చదివాను. ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు డాక్యుమెంట్లు రాసినవాణ్ణి కదా, మీ దగ్గరా డొమైన్ పేర్లు నమోదు చేసే కంపెనీని 'రిజిస్ట్రార్' అంటారని తెలిసి నవ్వొచ్చింది.

మా దగ్గర ఎలా జరిగేదో నువ్వు చిన్నప్పుడు చూశావు. అమ్మేవాడు వేలిముద్ర వేసేదాకా కొనేవాడు డీడీని జేబులోంచి బయటికి తీయడు. డీడీ కళ్లపడందే అమ్మేవాడు సంతకం పెట్టడు. ఒకే బల్ల దగ్గర భుజాలు రాసుకుంటూ నిలబడ్డవాళ్లకే అంత అనుమానం. నీ బేరగాడి మొహమైనా నువ్వు చూడలేదు. అందుకే మధ్యలో మూడోవాణ్ణి పెట్టుకోవడం మంచిదే, వద్దనను. అతను డబ్బు ముందు ఆ మూడోవాడి దగ్గర వేస్తాడు. వాళ్లు ముట్టిందని చెప్పాక నువ్వు డొమైన్ ఇస్తావు. అది తన చేతికొచ్చిందని అతను ఒప్పుకున్నాక నీకు డబ్బు వదులుతారు.

నా భయమంతా ఆ మూడోవాడి గురించే. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2011లో మన బోడుప్పల్ ప్లాటు అమ్మినప్పుడు, చివరి మూడు లక్షలు ఒక పెద్దమనిషి దగ్గర ఉంచుదామన్నారు. హద్దులు కొలిపించాక నాకు ఇస్తాడట. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, "నేను ఇద్దరికీ కావలసినవాణ్ణే అన్నా" అంటూ ఇరానీ హోటల్లో చాయ్ కూడా తనే పోయించాడు. నేను సంతకం పెట్టేశాను. నెల తర్వాత తెలిసింది, అతను కొన్నవాడి బామ్మర్ది. సగం డబ్బు రావడానికి రెండేళ్లు పట్టింది. మిగతా సగం ఇంకా రాలేదు. ఊళ్లో అందరికీ కాగితాలు రాసిచ్చి, నా కాగితం దగ్గర బోల్తా పడ్డానని సిగ్గేసి మీ ఎవరికీ చెప్పలేదు.

నీ బేరగాడు పంపిన ఎస్క్రో లింకు చూడగానే నాకు ఆ తెల్లచొక్కా గుర్తొచ్చాడు.

ఈ పనిలో బాగా పేరున్నది ఎస్క్రో డాట్ కామ్. 1999లో మొదలైంది, కాలిఫోర్నియా ప్రభుత్వ లైసెన్సు ఉంది. పేరుంది కాబట్టే దాని పోలికతో, మధ్యలో ఒక అడ్డగీతో అదనంగా ఒక అక్షరమో చేర్చి దొంగ సైట్లు పెడుతుంటారు. లోగో ఎత్తుకొచ్చి అతికించడానికి ఎంతసేపు! లైసెన్సు గురించి ఆ సైటు చెప్పేది నమ్మకు, లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ శాఖ సైటులోకి వెళ్లి చూసుకో. అతను పంపిన లింకు నొక్కకు. ఏ సంస్థో నువ్వే తేల్చుకుని, అడ్రస్ నీ చేత్తో టైప్ చేసి, లావాదేవీ నువ్వే తెరువు. దానికి అతను ఒప్పుకోకుండా తను చెప్పిన సైటే కావాలని పట్టుబడితే బేరం వదిలెయ్. ఎస్క్రో ఫీజు ఎవరు కట్టాలి, డొమైన్ అందాక సరిచూసుకోవడానికి అతనికి ఎన్ని రోజులు, ఇవి ముందే అందులో రాయించు.

"డబ్బు జమైంది" అని మెయిల్ వస్తుంది చూడు, అక్కడే చాలామంది జారిపోతారట. మెయిల్ ఎవడైనా రాయగలడు. ఎస్క్రో సైటులో నీ అకౌంట్లోకి నువ్వే లాగిన్ అయి, అక్కడ కనిపించాకే కదులు. అప్పటిదాకా డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకోవడానికి కావలసిన ఆథ్ కోడ్ ఎవరికీ ఇవ్వకు, అది కదలకుండా వేసిన ట్రాన్స్‌ఫర్ లాక్ తీయకు. అతను వాట్సాప్‌లో ఎంత బతిమాలినా సరే. నాకు అర్థమైనంతవరకు ఆ కోడంటే ఇంటి తాళంచెవే.

అతను నీ రిజిస్ట్రార్ దగ్గరే అకౌంటు తెరిస్తే పేరు ఇటునుంచి అటు త్వరగా మారిపోతుందట. వేరే రిజిస్ట్రార్‌కి వెళ్లాలంటే నాలుగైదు రోజులు పట్టొచ్చు, ఆ రోజులన్నీ సరిచూసుకునే గడువులో పడేలా చూసుకో. ఇంకొకటి, రికార్డులో ఓనరు పేరు, మెయిల్ ఇప్పుడు సర్దుదామని ముట్టుకోకు. అలా మారిస్తే వేరే రిజిస్ట్రార్‌కి మార్చకుండా 60 రోజుల లాక్ పడొచ్చు. ఈసీ తీసుకునే ముందురోజు ఇంటి నంబరు మార్చుకున్నట్టు ఉంటుంది.

డొమైన్ విలువ సర్టిఫికెట్ ఫలానా చోటే చేయించమని కూడా అడిగాడన్నావు. దానికి నువ్వు డబ్బు కట్టాలి, అవునా? అది చాలా పాత ఎత్తు. కొనేవాడే ఉండడు, ఆ ఫీజు కోసమే ఈ నాటకమంతా. పైసా కట్టకు.

నువ్వు ఆలోచించావో లేదో, పిన్ని ఆర్డర్లన్నీ ఆ డొమైన్ మీదున్న మెయిల్‌కే వస్తాయి. ఆమె కరెంటు బిల్లు, కొరియర్ అకౌంటు, బ్యాంకులో ఇచ్చిన మెయిలూ అదే. పేరు చేతులు మారాక ఆ అడ్రసుకి వచ్చే ఉత్తరాలన్నీ కొత్తవాడు తీసుకోగలడు. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులతో సహా! మా దగ్గర ఇల్లు అమ్మేవాళ్లు బీరువాలో కాగితాలు వదిలి వెళ్లడం నేను బోలెడుసార్లు చూశాను. ముందు ఆమెకి వేరే మెయిల్ పెట్టి, అన్నిచోట్లా మార్పించి, పాత ఉత్తరాలు దాచుకోండి. పిన్నిని కూడా ఒకమాట అడుగు తల్లీ, ఆ సీసాల మీద లేబుల్ నిండా ఆ పేరే ఉంది. నిరుడు వేయించినవి ఇంకా రెండు కట్టలు మన మంచం కింద ఉన్నాయి.

డాలర్లు వచ్చినప్పుడు బ్యాంకువాళ్లు ఆ డబ్బు దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు, టాక్స్ సంగతి మన ఆడిటర్‌ని కనుక్కో. ఏదైనా తేడా కొడితే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్.

డబ్బు జమైనట్టు నీ ఎస్క్రో అకౌంట్లో కనిపించాక, కోడ్ ఇచ్చే ముందు నాకు ఒక్క ఫోన్ కొట్టు. నేను తొమ్మిదింటికల్లా పడుకుంటాను, అమ్మ ఫోన్‌కి చెయ్, ఆమె నన్ను లేపుతుంది.

నాన్న