రసీదు రెండో పేజీ చదివిపెట్టిన అక్కకు కృతజ్ఞతలు

ఈ పోస్టు రాయాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. అంతా తేలాకే రాద్దామని ఆగాను. నిన్న సాయంత్రం కంపెనీ నుంచి ఆఖరి ఉత్తరం కూడా వచ్చింది. ఇక ఆలస్యం చేయను.

ముందే చెబుతున్నాను, నా కారు రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ నుంచి రాలేదు. మొత్తం మేమే కట్టుకున్నాం. అయినా సరే, ఇది కృతజ్ఞతలు చెప్పే పోస్టే. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి చెప్పాలి.

తొమ్మిదేళ్లు నడిపిన పాత కారును ఒక శుక్రవారం అమ్మేశాం. శనివారం ఇంకొకరు వాడిన కారు కొన్నాం. పాత కారు పాలసీకి ఇంకా 7 నెలలు గడువుంది. కొన్న కారుకేమో దాని పాత ఓనరు పేరు మీద మరో 4 నెలల పాలసీ ఉంది. ఆయన ఆ కాగితం కూడా ఫైల్లో పెట్టి ఇస్తూ, "ఇన్సూరెన్స్ గురించి టెన్షన్ పడకండి, నడుస్తూనే ఉంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. అయినా మన జాగ్రత్తలో మనం ఉందామని, ఆ రాత్రే మా ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టాను. పాత కారు అమ్మేశాను, కొత్త కారు వివరాలు ఇవి, పాలసీ దీనికి మార్చండి అని. వెంటనే ఒక లింకు వచ్చింది. కారు మారినందుకు అదనంగా కట్టాల్సిన ప్రీమియం చూపించింది. రాత్రి 9:40కి కట్టేశాను. రసీదు వచ్చింది. మొదటి పేజీలో నా పేరు, కట్టిన డబ్బు, కొత్త కారు నంబరు కనిపించాయి. పని అయిపోయిందనుకుని ఫోను పక్కన పెట్టేశాను.

సోమవారం పొద్దున ఇంకో మెసేజ్ వచ్చింది, ఇన్‌స్పెక్షన్ కోసం, అంటే కారు ఎలా ఉందో కంపెనీ చూసుకోవడానికి, ఫొటోలు పంపమని. ఆఫీసు హడావిడిలో ఉన్నాను. ఆదివారం తీరిగ్గా పంపుదాంలే అనుకున్నాను.

బుధవారం సాయంత్రం వాన పడుతోంది. ముందున్న కారు ఒక్కసారిగా ఆగింది. నేను బ్రేకు వేశాను కానీ కారు జారి వెళ్లి దాన్ని గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అది మా అదృష్టం. ఆ కారు వెనక బంపరు విరిగింది, ఒక లైటు పగిలింది, డిక్కీ తలుపు లోపలికి పోయింది. నా కారుకు బానెట్, రేడియేటర్, రెండు హెడ్‌లైట్లు పోయాయి. ఆ కారు నడుపుతున్నావిడ వయసులో మా అమ్మంత ఉంటారు. దిగి వచ్చి మొదట అడిగిన మాట, "నీకేం కాలేదు కదమ్మా?" అని. తప్పు నాది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ కారు విరిగిన బంపరుతోనే తిరిగింది. అయినా ఓపిక పట్టారు. అక్క కంటే ముందు ఆవిడకు నా నమస్కారాలు.

క్లెయిమ్ పెట్టాను. ఆరు రోజులకు ఉత్తరం వచ్చింది. పాలసీలో ఉన్న వాహనం, ప్రమాదం జరిగిన వాహనం ఒకటి కావు కాబట్టి క్లెయిమ్ అంగీకరించలేం అని. నా కారుదీ లేదు, ఆవిడ కారుదీ లేదు. చదువుతుంటే చేతులు వణికాయి. డబ్బు కట్టాను, రసీదు ఉంది, ఫుల్ ఇన్సూరెన్స్ అని ఇన్నేళ్లూ కడుతూ వచ్చాను, ఇప్పుడు ఇలా అంటారేమిటి అని ఏడుపొచ్చింది. పోనీ నా కారు రిపేరుకు ఆ పాత ఓనరు పాలసీ మీద అడుగుదామంటే, ఆ కంపెనీవాళ్లు ఫోనులోనే కాదన్నారు.

అప్పుడు మాకు తెలిసినాయన ఒకరు ఒక దారి చెప్పారు. కారు కొన్న రోజు తీసిన ఫొటోలు ఎలాగూ ఉన్నాయి కదా, అవి ఇన్‌స్పెక్షన్‌కు పంపేయండి, అది పాస్ అయ్యాక ప్రమాదం వచ్చే వారం జరిగినట్టు కొత్తగా క్లెయిమ్ పెట్టండి, అందరూ చేసేదే అన్నారు. దాచకుండా చెబుతున్నాను, ఆ రాత్రి నేనూ మా వారూ దాని గురించి గట్టిగానే ఆలోచించాం. ఫొటోలు కూడా వెతికి పెట్టుకున్నాను.

మరునాడు ఆఫీసులో నా ముఖం చూసి పక్క సీటు అమ్మాయి ఏమైందని అడిగింది. విషయం విని, వాళ్ల పెద్దమ్మ కూతురు ఎన్నో ఏళ్లు మోటారు క్లెయిముల విభాగంలో పనిచేసి మానేశారని చెప్పి, ఆ సాయంత్రమే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది. పేరు రాయొద్దన్నారు కాబట్టి అక్క అనే రాస్తున్నాను. నేనూ అలాగే పిలుస్తున్నాను.

అక్క నన్ను మాట్లాడనివ్వలేదు. "ముందు కాగితాలు చూడనివ్వు" అన్నారు. పాత కారు పాలసీ, కొన్న కారుతో వచ్చిన పాలసీ, నేను డబ్బు కట్టిన రసీదు, మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచారు. మొదటిదాని మీద వేలు పెట్టి, "ఇందులో నువ్వున్నావు, నీ కారు లేదు" అన్నారు. రెండోదాని మీద పెట్టి, "ఇందులో నీ కారుంది, నువ్వు లేవు" అన్నారు. రెండు పాలసీలు చేతిలో పెట్టుకుని నేను ఇంత ధైర్యంగా తిరిగానా అని గుండె జారిపోయింది.

ఎందుకలా అని అడిగితే ఓపిగ్గా చెప్పారు. పాలసీ షెడ్యూలులో, అంటే కారు వివరాలుండే పేజీలో, రాసే ఛాసిస్ నంబరు (కారు మీద చెక్కి ఉండేది), ఇంజిన్ నంబరు ఉత్త వివరాలు కావట. కంపెనీ లెక్క కట్టింది ఆ ఒక్క కారుకే. దాని మోడల్, వయసు, ఇంజిన్ సైజు, విలువ, దాని విడిభాగాల ధర చూసి ప్రీమియం నిర్ణయిస్తారు. కారు మారితే ఆ లెక్కంతా మారిపోతుంది. అందుకే కంపెనీ ఒప్పుకుని, పాలసీలో కారు మార్చినట్టు కాగితం (ఎండార్స్‌మెంట్) ఇచ్చేదాకా నా సొంత కారు నష్టం దాని బాధ్యత కాదు. ఇక పాత ఓనరు పాలసీ సంగతి. "నీ రేడియేటర్ పగిలితే ఆయనకు పోయేదేముంది? అమ్మేశాక ఆ కారుకు ఏమైనా ఆయనకు నష్టం లేదు. నష్టం లేని మనిషికి కంపెనీ ఏం పూడుస్తుంది? నీకు ఇద్దామంటే నీతో వాళ్లకు ఒప్పందమే లేదు" అన్నారు. ఇన్నేళ్లుగా ప్రీమియం కడుతున్నా, ఈ సంగతి ఇంత తేలికగా నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత మూడో కాగితం తీసుకుని రెండో పేజీ తిప్పారు. అసలు రెండో పేజీ ఉందని కూడా నాకు తెలియదు. అక్కడ చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలు. థర్డ్ పార్టీ కవర్ (అంటే నా వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఆదివారం 00:00 గంటల నుంచి మొదలవుతుంది. సొంత వాహన నష్టానికి కవర్ ఇన్‌స్పెక్షన్ ఆమోదం పొందిన తర్వాతే మొదలవుతుంది.

అక్క రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి నా వైపు చూసి, "నీ కారుకు రాదమ్మా. ఆశ పెట్టుకోకు. ఆవిడ కారుకు మాత్రం కంపెనీ కట్టి తీరాలి" అన్నారు. క్లెయిమ్ చూసినవాళ్లు పాత షెడ్యూలు ఒక్కటే చూసి రెండింటినీ కలిపి తిరస్కరించారని, నా రసీదు వాళ్ల ఫైల్లోకి చేరి ఉండదని చెప్పారు.

అప్పుడు ఆ ఫొటోల దారి గురించి అడిగాను. అడగడానికే సిగ్గేసింది. అక్క కోప్పడలేదు. "ఆవిడ తన కంపెనీకి ఏ తేదీ చెప్పి ఉంటారు? కారును లాక్కెళ్లిన బండివాడి బిల్లు మీద ఏ తేదీ ఉంది? నువ్వు ఇప్పటికే రాసిచ్చిన క్లెయిమ్ ఫారంలో ఏముంది?" అని వరసగా అడిగారు. మూడింటికీ బుధవారమే జవాబు. ఆ తర్వాత అన్న మాట నేను మర్చిపోలేను. "దొరక్కపోయినా చేయకు. ఒక్క అబద్ధం బయటపడితే పాలసీ మొత్తం రద్దు చేయొచ్చు. అప్పుడు ఆవిడకు న్యాయంగా రావాల్సిందీ చిక్కుల్లో పడుతుంది. నీ రేడియేటర్ కోసం ఆవిడ డబ్బు పణంగా పెడతావా?" అన్నారు. ఇంటికెళ్లగానే పక్కన పెట్టుకున్న ఆ ఫొటోలన్నీ తీసేశాను. మా వారు ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ప్రశాంతంగా నిద్రపోయారు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. లేవబోతుంటే అక్క ఇంకో ప్రశ్న వేశారు. "నీ పాత కారు కొన్నవాళ్లకు ఏ కాగితాలిచ్చావు?" అన్నీ ఇచ్చాను, పాలసీ కాపీతో సహా అన్నాను. ఆ పాలసీని నా కొత్త కారుకు మార్చమని అడిగానని వాళ్లకు చెప్పావా అన్నారు. చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు. అక్కడే ఫోను చేయించారు. నాకు కారు అమ్మినాయన మాట నేను ఎలా నమ్మానో, ఆ అబ్బాయి నా కాగితాన్ని అలాగే నమ్మాడు. ఆ కారులోనే రోజూ ఇద్దరు పిల్లల్ని స్కూల్లో దింపుతున్నాడట. అక్క ఫోను తీసుకుని, ఈ కాగితం నమ్ముకోవద్దని, తన పేరు మీద పాలసీ తీసుకునేదాకా కారు బయటికి తీయొద్దని చెప్పారు. మరునాడు పొద్దున్నే తీసుకున్నాడు, తీసుకున్నట్టు నాకు మెసేజ్ పెట్టాడు. నా ప్రమాదం కంటే ఈ విషయమే నన్ను ఎక్కువగా భయపెట్టింది. నా దగ్గర జరిగింది బంపర్లు, బానెట్లు. అక్కడ ఏదైనా జరిగి ఉంటే నేను ఏ ముఖం పెట్టుకుని ఉండేదాన్ని?

కంపెనీకి ఉత్తరం కూడా అక్కే దగ్గరుండి రాయించారు. నేను రాసుకెళ్లింది మూడు పేజీలు, నిండా బాధే. అక్క అరపేజీకి కుదించారు. డబ్బు కట్టిన తేదీ, సమయం, రసీదు నంబరు, కొత్త కారు ఛాసిస్ నంబరు, రసీదు రెండో పేజీలోని వాక్యం ఉన్నదున్నట్టుగా, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, అంతే. నా సొంత కారు క్లెయిమును వెనక్కి తీసుకుంటున్నానని, ఎదుటి వాహనం నష్టం మీద మాత్రం నిర్ణయం మార్చాలని, జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలని చివర్లో రాయించారు. కౌంటర్లో ఉన్న అబ్బాయి తీసుకుని, రసీదును నా ముందే సిస్టమ్‌లో సరిచూసి, ఇది ఫైల్లో లేదు మేడమ్ అని అప్పటికప్పుడే ఎక్కించాడు. ఆ అబ్బాయికీ థాంక్స్. పదకొండో రోజున ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం వచ్చింది. ఆవిడ కారు బాగైపోయింది.

అక్క పట్టుకున్న పొరపాటు ఇంకొకటి ఉంది. అదనపు ప్రీమియం లెక్కలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అని వేశారు. నేను 5 ఏళ్లుగా ఒక్క క్లెయిమూ చేయలేదు. కారు మారింది కాబట్టి బోనస్ పోయి ఉంటుందని నేనే సర్దుకున్నాను. "కవర్ కారు దగ్గరే ఆగిపోతుంది. బోనస్ మాత్రం నీ వెంట వస్తుంది. అది ఇన్నేళ్లు నువ్వు జాగ్రత్తగా నడిపినందుకు ఇచ్చింది, ఆ కారుకిచ్చింది కాదు" అన్నారు అక్క. దానికి వేరే ఉత్తరం రాయించారు. రెండు విషయాలు ఒకే కాగితంలో రాస్తే రెండోది చదవరట. నిన్న వచ్చిన ఆఖరి ఉత్తరం అదే. బోనస్ సరిచేశారు, ఎక్కువ కట్టింది తిరిగి వేశారు.

అక్కా, మీరు దీనికి ఏమీ తీసుకోలేదు. నాలుగు సాయంత్రాలు నాకోసం కూర్చున్నారు. నాకు రానిదాన్ని రాదని మొదటి రోజే ముఖం మీద చెప్పారు. ఆ రోజు ఆ మాట చేదుగా అనిపించింది. మీరు తియ్యగా మాట్లాడి ఉంటే నేను ఈపాటికి ఒక అబద్ధపు ఫారం మీద సంతకం పెట్టి ఉండేదాన్ని. ఆ ఒక్క సంతకం నాతో పెట్టించనందుకు మీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

రిపేరు అయ్యాక ఇన్‌స్పెక్షన్ కూడా పూర్తయింది. కొత్త షెడ్యూలు పోయిన వారం వచ్చింది. పట్టుకుని కిందికి వెళ్లి, టార్చి వేసి, కారు మీద చెక్కి ఉన్న ఛాసిస్ నంబరుతో ఒక్కో అక్షరం సరిచూశాను. రెండూ ఒకటే. ఫొటో తీసి అక్కకు పంపాను. ఐదు నిమిషాలకు జవాబు వచ్చింది: "చాలా సంతోషం. కవర్ ఏ గంట నుంచి మొదలవుతుందో కూడా చూడు."

చూశాను అక్కా. రెండో పేజీ కూడా చదివాను.