వెస్ట్‌ఫాలియా అంటే సార్వభౌమత్వమొక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

దేశాల సార్వభౌమాధికారం 1648 నాటి వెస్ట్‌ఫాలియా ఒప్పందాలతోనే పుట్టిందని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చేసింది. పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే మాట ఉంటుంది కనుక వ్యాసకర్తను తప్పుపట్టలేను గాని, ఐరోపాలో కేథలిక్, ప్రొటెస్టెంట్ తగవుగా మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగిస్తూ మ్యూన్‌స్టర్, ఓస్నాబ్రూక్ పట్టణాల్లో కుదిరిన ఆ పత్రాల్లో అలాంటి సిద్ధాంత ప్రకటన ఏదీ లేదు. పైగా జర్మన్ సంస్థానాధీశులు చేసుకునే పొత్తులు తమపై ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తికి వ్యతిరేకంగా ఉండరాదన్న షరతు ఉంది. ఫ్రాన్స్, స్వీడన్ హామీదారులుగా నిలిచాయి, అంటే బయటివారి జోక్యానికి తలుపు తెరిచే ఉంచారు.

నా దృష్టిలో అసలు విశేషం మతాల మధ్య కుదిరిన సర్దుబాటు. ఏ చర్చి ఎవరిదన్న తగవుకు చాలా ప్రాంతాల్లో 1624 జనవరి 1 నాటి స్థితినే కొలమానంగా తీసుకున్నారు. ఓస్నాబ్రూక్ బిషప్ పీఠం ఒకసారి కేథలిక్కులకు, మరోసారి ప్రొటెస్టెంట్లకు దక్కేది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నగర పదవులనే ఇరువర్గాలకూ సమంగా పంచారు. 1629 ఆగస్టు 8న తమ బోధకులను తొలగించిన చేదు జ్ఞాపకాన్నే ముహూర్తంగా చేసుకుని అక్కడి ప్రొటెస్టెంట్లు 1650లో మొదలుపెట్టిన శాంతి పండుగను ఇప్పుడు ఊరంతా కలిసి జరుపుకుంటుంది. జర్మనీలో ఆ రోజున ఆ ఒక్క నగరానికే ప్రత్యేకంగా శాంతి పండుగ సెలవు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు