జానీ అడిగిన ప్రశ్న

చి. శ్రావణికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

ఈ మధ్య అమెరికన్ పాత్రికేయుడు జాన్ గుంథర్ రాసిన 'డెత్ బి నాట్ ప్రౌడ్' మళ్ళీ చదివాను. ఒక్కగానొక్క కొడుకు జానీ మెదడులో కణితితో పోయిన రెండేళ్ళకు, 1949లో, ఆ తండ్రి వెలువరించిన పుస్తకం అది. కాలేజీ రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు నాదీ ఇంచుమించు జానీ వయసే. అందుకే కాబోలు, రసాయనశాస్త్రమన్నా చదరంగమన్నా ప్రాణం పెట్టే ఆ కుర్రవాడి ధైర్యమే నా కంటికి ఆనింది తప్ప, మంచం పక్కన నిలబడిన తల్లిదండ్రుల మీదికి నా చూపు పోనేలేదు. ఇప్పుడు ప్రతి పేజీలోనూ ముందు వాళ్ళే ఎదురయ్యారు.

1946 ఏప్రిల్‌లో, మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ పాఠశాలలో చదువుకుంటున్న 16 ఏళ్ళ జానీకి మెడ పట్టేసింది. మొదలు అంతే. అక్కడి నుంచి శస్త్రచికిత్స, ఎక్స్‌రే చికిత్స, యుద్ధాల్లో వాడిన మస్టర్డ్ వాయువు ఆధారంగా అప్పుడే కొత్తగా వచ్చిన మందు, మాక్స్ గెర్సన్ అనే వైద్యుడు పెట్టిన ఉప్పు లేని కఠిన పథ్యం, ఇలా ఎక్కడ ఏ ఆశ ఉందని విన్నా ఆ గుమ్మం ఎక్కారు. 1944లోనే విడాకులు తీసుకున్న ఆ ఇద్దరూ బిడ్డ కోసం కలిసి తిరిగారు. ఆ పథ్యంతో క్యాన్సర్ తగ్గుతుందనడానికి సరైన ఆధారాలు లేవని ఈరోజు మనకు తెలుసు; అయినా ఆ పేజీలు చదువుతూ వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

అయితే నన్ను నిలబెట్టేసినది వేరొక చోటు. శస్త్రచికిత్స అయ్యాక సర్జన్ జానీతో ఏకాంతంగా మాట్లాడి, నీ మెదడులో ఉన్నది కణితి అని చెబుతాడు. అంతా విని ఆ పిల్లవాడు అడిగినది, ఈ సంగతి మా అమ్మానాన్నలకు తెలుసా, వాళ్ళకు ఎలా చెబుదాం అని. అప్పట్లో ఆ మాటకు నేను పులకించిపోయాను, నా స్నేహితురాళ్ళకు చదివి వినిపించాను కూడా. ఇప్పుడు అక్కడ పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే వ్యాధి ఎంత ముదిరిందో ఆ తల్లిదండ్రులూ అతని ముందు పైకి తేలనివ్వడం లేదు. ఒకరిని ఒకరు కాపాడుకోవాలనే తాపత్రయంలో ముగ్గురూ ఎవరి భయాన్ని వాళ్ళే ఒంటరిగా మోశారు.

మొన్న నీకు డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ఆసుపత్రిలో చేరిన సంగతి ఇంటికి తిరిగి వచ్చాక గానీ నువ్వు మాకు చెప్పలేదు. "మీరు కంగారుపడతారని చెప్పలేదమ్మా" అన్నావు. నీ ప్రేమ నాకు తెలుసు తల్లీ. కానీ కంగారుపడడం మాకు కష్టమని నువ్వెందుకు అనుకున్నావు? నీ కోసం కంగారుపడడం నాకు దక్కిన హక్కు. దాన్ని నా మీద జాలితో కూడా నా నుంచి తీసుకోవద్దు.

1947 జూన్ మొదటి వారంలో జానీ తలకు కట్టుతోనే నడిచి వెళ్ళి బడిలో తన డిప్లొమా అందుకున్నాడు. నెల తిరగకుండానే, జూన్ 30న, 17 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. పుస్తకం చివర తల్లి ఫ్రాన్సిస్ రాసిన కొన్ని పేజీలున్నాయి. నెహ్రూ గారితో స్నేహంగా ఉత్తరాలు నడిపి, మన స్వాతంత్ర్యం గురించి 1944లో పుస్తకమే రాసిన ఆవిడ, ఆ స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు బిడ్డను పోగొట్టుకుని నెలన్నర అయిన తల్లి అని ఈసారే నాకు తట్టింది. వాడు బతికి ఉండగా ఇంకా ఎక్కువగా ప్రేమించి ఉంటే బాగుండేదని ఆవిడ రాసింది. తక్కువ ప్రేమించిన తల్లి కాదు ఆవిడ, వాడికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ కోరిక తీరలేదంటే, పిల్లలు ఎంత దగ్గరికి రానిచ్చినా తల్లికి చాలదన్నమాట.

అందుకని ఇకమీదట ఏ కాస్త నలతగా ఉన్నా ముందు మాకు ఫోను చెయ్యి. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే చెయ్యి. నాన్నగారి బీపీ సంగతి నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
అమ్మ