చుక్కను వెంటబెట్టుకుని వెళ్లేముందు

చిరంజీవి అమ్మాయికి,

ఊరి బయట పొలాల మధ్య ఉన్న ఆ విడిదికి చుక్కను కూడా తీసుకెళ్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచీ మీ అమ్మ ఒకటే నవ్వు, "ఇంతకీ సెలవు వీళ్లకా, కుక్కకా?" అని. సరదాకి అన్నా, నాకు మాత్రం అసలు సంగతి అక్కడే ఉందనిపించింది. సెలవు మీకే. రోజూ పడుకునే మూల మారిపోయిందని, గది వాసన కొత్తదని, మీరు తలుపు వేసుకుని బయటికి వెళ్తే తిరిగి వస్తారన్న నమ్మకం ఈ చోట ఇంకా కుదరలేదని మాత్రమే చుక్కకు తెలుస్తుంది. అందుకని ఈ ప్రయాణం వేళలు, మజిలీలు దాన్ని బట్టి పెట్టుకోండి. అలా పెట్టుకోవడం కుదరదనిపిస్తే దాన్ని మా దగ్గర వదిలి వెళ్లండి, అందులో తప్పేమీ లేదు.

విడిదివాళ్లు ఫోనులో బోలెడు ప్రశ్నలు వేశారని విసుక్కున్నావు. ఏ జాతి, ఎంత బరువు, కొత్తవాళ్లను చూస్తే మొరుగుతుందా, టీకాలు వేయించారా అని. నన్నడిగితే విసుక్కోవలసింది ఏమీ అడగని విడిది మీద. "తీసుకురండి, ఫర్వాలేదు" అని ఒక్క ముక్కలో ఫోను పెట్టేసేవాళ్లు, మీ పక్క గదికి కరిచే కుక్కతో ఎవరైనా వచ్చినా అదే మాట అంటారు. రేబిస్ టీకా కాగితం చూపించమన్నవాళ్లు చుక్కను అనుమానించడం లేదు, దాని ముందు ఆ గదిలో దిగిన కుక్కను కూడా అలాగే అడిగారన్నమాట. నాకు ఆ విడిది నచ్చింది.

ఇప్పుడు నీ వంతు, నువ్వూ అడుగు. గది కింది అంతస్తులో ఉందా? అర్ధరాత్రి దాన్ని బయటికి తీసుకెళ్లాలంటే చెక్క మెట్ల మీద అందరినీ నిద్రలేపుతూ దిగాలా? ఆవరణకు కంచె ఉందా, ఉంటే కింద సందులున్నాయా? వాళ్లకు సొంత కుక్క ఉందా, కోళ్లు, గొర్రెలు ఉన్నాయా? భోజనాల గదిలోకి కుక్కను రానిస్తారా? రానివ్వకపోతే మీరు తినేంతసేపు అది ఎక్కడుండాలి? చాలా విడిదుల్లో కుక్కను గదిలో ఒంటరిగా వదలకూడదన్న నియమం ఉంటుంది. అది తెలియకుండా వెళ్తే మీ ఇద్దరూ వంతులవారీగా భోజనం చెయ్యాల్సి వస్తుంది.

మరో ప్రశ్న ఉంది, దాన్ని మాత్రం మొహమాటపడకుండా అడుగు: ఎలుకల మందు ఎక్కడెక్కడ పెట్టారు? పల్లెలో పాత ఇల్లు, పక్కనే ధాన్యం, ఎలుకలు ఉండి తీరుతాయి. ఆ మందుల్లో ఎక్కువగా వాడే రకం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మోసమంతా అక్కడే ఉంది: తిన్న రోజు కుక్క మామూలుగానే ఆడుకుంటుంది. రక్తస్రావం, నీరసం, ఆయాసం బయటపడేసరికి సాధారణంగా మూడు నాలుగు రోజులు గడిచిపోతాయి, అప్పటికి మీరు ఇంటికి వచ్చేసి ఉంటారు, విడిదికీ దీనికీ సంబంధం ఉందని తట్టదు కూడా. తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, మందు పొట్లం దొరికితే అదీ పట్టుకెళ్లండి. దీనికి విరుగుడుగా విటమిన్ కె1 ఇస్తారు, అది వారాల తరబడి వాడవలసి ఉంటుంది. గదిలో అడుగుపెట్టగానే చుక్కను వదలకుండా, ముందు మీరే మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందా బీరువా వెనకా చూడండి. అల్లుడుగారికి ఆ పని అప్పగించు, ఆయన ఓపిగ్గా చూస్తాడు.

గొర్రెల సంగతి ఎందుకన్నానంటే, చుక్క ఎవరినీ కరవదు, నిజమే. కానీ పరుగెత్తే ప్రాణిని తరమకుండా ఉండగలదా? కుక్క కరవనక్కర్లేదు, తరిమితే చాలు, చూలు గొర్రెలకు గర్భం పోవచ్చు. మందలు కనిపించే చోట తాడు తియ్యవద్దు, అది ఎంత బతిమాలినా సరే.

కారు సంగతికి వస్తాను. చుక్క ఇంకా చిన్నది. ఆ వయసులో చెవి లోపల శరీరాన్ని నిలకడగా ఉంచే భాగం పూర్తిగా ఎదగదు కనుక, కారులో వాంతులు పిల్లకుక్కలకే ఎక్కువ. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా తిండి పెట్టి ఆపెయ్యండి, నీళ్లు మాత్రం ఇస్తూ ఉండండి. వెనక సీటులో ఛాతీ పట్టీ వేసి బెల్టుకు కట్టండి. తల కిటికీ బయట పెట్టి గాలికి చెవులు ఎగరేస్తుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ దుమ్మూ రాళ్లూ నేరుగా కళ్లలో పడతాయి. రెండు మూడు గంటలకోసారి ఆపండి. ఆపినప్పుడు ముందు తాడు తగిలించి ఆ తర్వాతే తలుపు తెరవండి. ఈ వరుస తారుమారైతే తెలియని రోడ్డు పక్కన కుక్కను వెతుక్కోవలసి వస్తుంది.

"అయిదు నిమిషాలే కదా" అని దాన్ని కారులో వదిలి దుకాణంలోకి వెళ్లవద్దు. అమెరికాలో 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, బయట 22 డిగ్రీలే ఉన్న హాయైన రోజున కూడా మూసిన కారులో గంటలో మరో 22 డిగ్రీల దాకా పెరిగింది. అందులో అయిదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా పెద్ద తేడా రాలేదు. మనలాగా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకోవాలి, చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే అది ఎంత రొప్పినా లాభం లేదు.

మీ అత్త నిద్రమాత్ర సలహా ఇచ్చిందని విన్నాను. మనుషులకు వాడే మాత్ర ఏదీ వెయ్యవద్దు, పశువైద్యుడు చూసి రాసిస్తే తప్ప.

దాని మెడపట్టీ మీద పాత ఫోను నంబరే ఉంది, మార్చు. చర్మం కింద పెట్టించిన మైక్రోచిప్ ఉందన్న ధీమా వద్దు. చిప్‌లో బ్యాటరీ ఉండదు, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. ఎవరో దాన్ని పట్టుకుని, ఆ చిప్‌ను చదివే రీడర్ ఉన్న చోటికి తీసుకెళ్లి, ఒంటికి దగ్గరగా పెట్టి చూస్తే ఒక సంఖ్య మాత్రం కనిపిస్తుంది. ఆ సంఖ్య కింద నమోదైన నంబరు కూడా పాతదైతే కథ అక్కడితో సరి.

గదిలోకి దాని పాత పరుపు తీసుకెళ్లండి, ఉతకకుండా. ఇంటి వాసన ఉన్న గుడ్డ ఒకటి పక్కనుంటే కొత్త చోట త్వరగా కునుకు పడుతుంది. మంచం ఎక్కుతుందని తెలుసు కనుక దాని మీద మన ఇంటి పాత దుప్పటి ఒకటి పరిచేయండి. పొలాల్లో తిరిగి వచ్చాక కాళ్లు తుడవడానికి గుడ్డలు మనవే ఉండాలి, విడిదివాళ్ల తెల్ల తువ్వాళ్లు ఆ పనికి కాదు. ఏదైనా కొరికినా చింపినా, వాళ్లు కనుక్కునేదాకా ఆగకుండా మీరే చెప్పి డబ్బు ఇచ్చేయండి. కుక్కలను రానిచ్చే విడిదులు తలుపులు మూసుకుంటున్నాయంటే, కుక్కల కన్నా చెప్పాపెట్టకుండా గది ఖాళీ చేసి వెళ్లే యజమానుల వల్లే ఎక్కువని నా అభిప్రాయం.

సాయంత్రం దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పిడుదుల కోసం వెతుకు: చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, తోక కింద. కనిపిస్తే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా, తిన్నగా పైకి లాగాలి. నూనె పొయ్యడం, అగ్గిపుల్లతో చురక పెట్టడం వద్దు.

ఇక పిల్లి. దాన్నీ తీసుకెళ్దామా అని అడిగావు. వద్దు. కుక్కకు మీరు పక్కనుంటే చాలావరకు సరిపోతుంది, పిల్లికి అలా కాదు, దానికి తన గోడలూ తన గూళ్లూ కావాలి. కొత్త గదిలో రెండు రోజులు మంచం కింద నక్కి, మూడోరోజు కిటికీ సందులోంచి దూకేసిందంటే ఆ పొలాల్లో ఎక్కడని వెతుకుతారు? నిజానికి మా ఇంటికి తేవడం కూడా దానికి ఇబ్బందే. తాళంచెవి ఇచ్చి వెళ్లండి, పొద్దునా సాయంత్రమూ నేనే వచ్చి తిండి పెట్టి, ఇసుక ట్రే శుభ్రం చేసి, కాసేపు కూర్చుని వస్తాను. అది నన్ను పట్టించుకోదనుకో. తిండి డబ్బా ఏ అరలో ఉందో, ఎన్ని చెంచాలు పెట్టాలో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించు, ఫోనులో చెబితే నాకు గుర్తుండదు.

ఆశీస్సులతో,
నాన్న