గండభేరుండం అని చెప్పి రష్యా డేగను పంపారు

రాజమహేంద్రవరం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
ఆన్‌లైన్ అమ్మకాల విభాగం.

విషయం: జంతువుల బొమ్మలున్న బంగారు నాణేల సెట్టు – ప్రకటనలో చూపినది ఒకటి, పంపినది మరొకటి – సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైటులో వరాహం, ఏనుగు, గండభేరుండం (రెండు తలల పక్షి) బొమ్మలతో అమ్ముతున్న మూడు బంగారు నాణేల సెట్టు కొన్నాను. ఒక్కొక్కటి 4 గ్రాములు, 24 క్యారెట్లు. ఈ గొడవంతా ఫోనులోనూ మెయిల్‌లోనూ ముక్కలు ముక్కలుగా చెప్పాను, జవాబులూ ముక్కల్లోనే వచ్చాయి. అందుకని ఒక్కచోట రాస్తున్నాను.

బంగారంతో నాకు పేచీ లేదు. మా వీధి ఆచారి గారి కాటా మీద మూడూ సరిగ్గా తూగాయి, టచ్ (బంగారం మేలిమి) కూడా మీరు రాసినంతే వచ్చింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేనేం అడిగినా మీ వాళ్ళు "బంగారం స్వచ్ఛమైనదే సార్" అనే జవాబుతో సరిపెడుతున్నారు. నేను అడుగుతున్నది బొమ్మ గురించి, ఆ బొమ్మ పేరు చెప్పి తీసుకున్న సొమ్ము గురించి. బిల్లులో బంగారం ధర మీద 18 శాతం "కలెక్టర్ విలువ" (అంటే నాణేలు సేకరించేవాళ్ళ దృష్టిలో దానికుండే విలువ) అని వేరే వరుసలో వేశారు. మజూరీ దానికి పైన మళ్ళీ ఉంది. కాబట్టి ఈ 18 శాతం పనితనానికి కాదు, చరిత్రకు కట్టిన ధర అన్నమాట. మరి ఆ చరిత్ర ఎక్కడ?

గండభేరుండం వరహా (వరహా అంటే పాతకాలపు బంగారు నాణెం) అనగానే నాణేలు దాచుకునేవాళ్ళకు గుర్తొచ్చేది అచ్యుతదేవరాయలు. 1529 నుంచి 1542 దాకా విజయనగరాన్ని ఏలినవాడు. ఆయన నాణెం మీద రెండు తలల పక్షి ముక్కులతోనూ గోళ్ళతోనూ ఏనుగుల్ని పట్టుకుని ఉంటుంది. అసలు ఆ బొమ్మకు అర్థమే అది: ఏనుగులంతటివాటిని ఎత్తుకుపోయే పక్షి. వెనకవైపు నాగరి లిపిలో మూడు వరుసల్లో "శ్రీ ప్రతాపాచ్యుతరాయ" అని ఉంటుంది. మీ ప్రకటనలో పెట్టిన ఫోటో సరిగ్గా అలాంటి పాత వరహాదే. అది చూసే డబ్బు కట్టాను.

నాకు వచ్చిన నాణెం మీద ఏనుగు ఒక్కటీ లేదు. రెక్కలు విప్పుకున్న రెండు తలల డేగ ఉంది. భూతద్దం పెట్టి చూడండి: దాని కుడి గోళ్ళలో రాజదండం, ఎడమ గోళ్ళలో గుండ్రటి గోళం, ఆ గోళం మీద చిన్న శిలువ. ఇది రష్యా రాజచిహ్నం. తలల మీది కిరీటాలను చెరిపేశారు, చెరిపిన చోట లోహం కాస్త గరుకుగా అలాగే మిగిలింది. రష్యా చిహ్నంలో రొమ్ము మీద ఒక డాలు, దానిలో గుర్రం మీద వీరుడు ఉంటాడు. మీ వాళ్ళు డాలును ఉంచి, వీరుణ్ణి తీసేసి, పద్మం పెట్టారు. శిలువను మాత్రం మరిచిపోయారు. హంపీ టంకశాలలో శిలువ గుర్తు ఎలా పడిందో మీ డిజైనర్ గారే చెప్పాలి. ఇంటర్నెట్‌లో రెండు తలల పక్షి కోసం వెతికి, ముందు దొరికిన బొమ్మను అచ్చుకు పంపేశారని నా అనుమానం.

వెనకవైపు ఇంకో తమాషా. "శ్రీకృష్ణదేవరాయ" అని ఇప్పటి కంప్యూటర్ తెలుగు అక్షరాలతో వేశారు. కృష్ణరాయల వరహాలంటే పేరుపడ్డది బాలకృష్ణుడి బొమ్మ. రాయల పేరు చెబితే మన దగ్గర సరుకు అమ్ముడవుతుందని ఆయన పేరు వేశారే తప్ప వేరే కారణం నాకు కనిపించలేదు. పాపం అచ్యుతరాయలు! అన్నగారైన కృష్ణరాయల నీడ ఆయన్ని ఇన్నేళ్ళయినా వదల్లేదు.

సైజు సంగతికి వస్తాను. మీ ప్రకటనలో "అసలు కొలతలకు అచ్చుగుద్దినట్టు" అని ఉంది. అసలు వరహా తూకం 3.4 గ్రాముల చిల్లర, అడ్డం సుమారు 13 మిల్లీమీటర్లు. చింతగింజంత ఉంటుంది, కానీ మందంగా, చేతిలో పెడితే బరువు తెలిసేలా ఉంటుంది. మీది 4 గ్రాములు, అడ్డం 20 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే మందం మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు కూడా సరిగ్గా రాదు. అసలు వరహా మందంలో సగం అన్నమాట. ఇక వరాహం నాణెం చూస్తే లెక్క తిరగబడింది. అది తూర్పు చాళుక్యుల నాణేన్ని చూసి చేసింది. మా ఊరి నుంచే ఏలిన రాజరాజ నరేంద్రుడి కాలం నాటివి, ఆయన పెదనాన్న శక్తివర్మ నాటివి బర్మా తీరంలోనూ సయాం (ఇప్పటి థాయిలాండ్)లోనూ దొరికాయి. అవి వెడల్పైన పలుచటి రేకులు, మధ్యలో వరాహం, చుట్టూ అంచున విడివిడిగా గుద్దిన అక్షరాలు. పెద్దదాన్ని చిన్నది చేసి, చిన్నదాన్ని పెద్దది చేసి, మూడింటినీ ఒకే సైజు అచ్చులో పోశారు. పెట్టెలో మూడు గుంతలు ఒకేలా ఉండాలి కాబట్టి అలా చేశారేమో. వరాహం బొమ్మ మటుకు బాగా వచ్చింది, కాదనను. కోర, మెడమీది వెంట్రుకలు పనిమంతుడి చేతివే. ఏనుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నిజమైన పాత వరహా కొనడం నాలాంటివాడికి సులువు కాదు. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాని వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. బజారులో నకిలీలు ఎన్నో. అందుకే, ఇది నకలే అని ఒప్పుకుంటూ నిజాయితీగా చేసిన నకలు కొందామనుకున్నాను. నకలు అమ్మేవాడు చేయాల్సిన పని ఒక్కటే, అసలును సరిగ్గా చూడటం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం ఉంది, అందులో విజయనగర నాణేలున్నాయి. మీ డిజైనర్‌ను ఒక్కపూట అక్కడికి పంపి ఉంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

మీ ప్రకటనలో ఇంకో మాట: "చైనా పాండా, ఆస్ట్రేలియా లూనార్ నాణేల స్థాయిలో". ఆ పేర్లు ఎత్తారు కాబట్టి వాటి సంగతీ చూద్దాం. పాండా బంగారు నాణెం 1982లో మొదలైంది, ఏటా పాండా బొమ్మ మారుతుంది. 2001 నాటి బొమ్మనే 2002లో మళ్ళీ వేస్తే సేకరించేవాళ్ళు ఊరుకోలేదు, మరుసటి ఏడాది నుంచి మళ్ళీ మార్చారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ టంకశాల లూనార్ నాణేలను 1996 నుంచి పన్నెండేళ్ళ చక్రంలో ఎలుక, ఎద్దు, పులి అంటూ వరసగా వేస్తోంది. ఒక ఔన్సు (సుమారు 31.1 గ్రాములు) బంగారు నాణేలు 30,000కు మించవని ముందే ప్రకటిస్తుంది. దక్షిణాఫ్రికా బంగారు నాణెం క్రూగర్‌రాండ్ మీద 1967 నుంచి అదే స్ప్రింగ్‌బాక్ జింక. అది 22 క్యారెట్లదే అయినా, మొత్తం తూకం 33.93 గ్రాములు పెట్టి లోపలి మేలిమి బంగారం సరిగ్గా ఒక ఔన్సు ఉండేలా చూశారు. ఆ లెక్క దాపరికం లేకుండా అందరికీ తెలిసిందే. వీటన్నిటి వెనకా ఆయా ప్రభుత్వాల పూచీ ఉంది. మన దేశంలో నాణెం ముద్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే, కాబట్టి మీరు అమ్మేది నిజానికి పతకం. పతకమైనా ఫర్వాలేదు. కానీ పోల్చుకున్నారు గనుక అడుగుతున్నాను: మీరు ఎన్ని సెట్లు చేశారు?

ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు రాలేదు. "పరిమిత సంచిక, ఒక్కసారే, ఆ తర్వాత అచ్చు ధ్వంసం" అని రాశారు. అక్షయ తృతీయకు అదే సెట్టు, అదే డేగ, అదే శిలువ, మజూరీలో రాయితీతో మళ్ళీ అమ్మకానికి వచ్చింది. ఆ పేజీ కాపీ కూడా జతచేశాను. ధ్వంసమైన అచ్చు మళ్ళీ ఎలా పనిచేసిందో వివరించగలరు.

వాపసు అడిగితే జరిగింది ఇది. ఫోనులో మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమెను ఏమీ అనకండి. ఆమె ముందున్న తెరలో "డిజైన్ నచ్చలేదు" అనే గడి తప్ప ఇంకోటి లేదట. నాకు డిజైన్ నచ్చకపోవడం వేరు, చూపించిన డిజైన్ పంపకపోవడం వేరు. ఆ రెండో గడి మీ తెరలో పెట్టించండి, రేపు ఇంకొకరికి పనికొస్తుంది. తర్వాత విజయవాడ శాఖకు వెళ్ళాను. నాణేలు పెట్టిన సీలు కార్డు విప్పారు కాబట్టి కోత ఉంటుందన్నారు. మీ కార్డు ప్లాస్టిక్ మసకగా ఉండి బొమ్మ సరిగ్గా కనిపించదు, విప్పకుండా తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు. పైగా ఆ షరతు బిల్లు మీద ఎక్కడా లేదు. ఆ పైన "కలెక్టర్ విలువ" వాపసు రాదన్నారు. మేనేజరు గారు నవ్వుతూ, "కొన్నప్పటికంటే రేటు పెరిగింది కదండీ, మీకు నష్టమేముంది?" అన్నారు. పెరిగింది బంగారం రేటు. దాంట్లో మీ సంస్థ చేసిన మేలు ఏమీ లేదు. మామూలు బంగారు బిళ్ళ ఏ కొట్టులో కొన్నా అంతే పెరిగేది, ఆ 18 శాతం నా దగ్గరే ఉండేది. మీరు అమ్మేటప్పుడు అది నాణెం, వెనక్కి తీసుకునేటప్పుడు ముద్దబంగారం. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఉన్నది ఉన్నట్టు చూపని ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. ఇవి మీ న్యాయ విభాగానికి తెలియనివి కావు. శాఖల్లో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కాబట్టి నేను కోరేది ఇది. గండభేరుండం ఒక్కటే కాదు, సెట్టుగా అమ్మారు గనుక సెట్టు మొత్తం వెనక్కి తీసుకోండి. వాపసు ఇచ్చే రోజు బంగారం ధర కట్టి, దానికి నేనిచ్చిన కలెక్టర్ విలువ, మజూరీ, వాటి మీద జీఎస్‌టీ కలిపి నా బ్యాంకు ఖాతాకు పంపండి. గిఫ్ట్ వోచరు, మీ కొట్టులోనే వేరే సరుకు కొనుక్కోమనే ఏర్పాటు నాకు వద్దు. కార్డు విప్పినందుకు కోత ఒప్పుకోను. సెట్టు తీసుకెళ్ళడానికి బీమాతో కూడిన కొరియర్ మీరే పంపాలి, ఖర్చు మీదే. ఇప్పటిదాకా ఎన్ని సెట్లు చేశారో రాతపూర్వకంగా చెప్పండి. వెబ్‌సైటులోని పాత వరహా ఫోటో తీసేసి మీరు నిజంగా అమ్ముతున్న డేగ ఫోటో పెట్టండి, దాని కింద కృష్ణదేవరాయల పేరు తీసేయండి. ఈ చివరిది నా సొమ్ముకు సంబంధించినది కాకపోయినా, మీ కార్డు చదివి పిల్లలు తప్పు చరిత్ర నేర్చుకోకూడదు గనుక అడుగుతున్నాను.

ఈ లేఖ అందిన నెలలోగా సొమ్ము ఖాతాలో పడకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కొన్నవాడు తానుండే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు, కాబట్టి ఖర్చుకు వెనకాడతానని అనుకోవద్దు. నాణేలు మూడూ విప్పిన కార్డులతో సహా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కమిషన్ ముందు పెట్టడానికి భూతద్దం కూడా నేనే తెచ్చుకుంటాను.

జవాబు మెయిల్‌లో కాకుండా సంతకంతో, మీ లెటర్‌హెడ్ మీద పంపగలరు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జత: బిల్లు, ప్రకటన కాపీ, అక్షయ తృతీయ నాటి పేజీ, నాణేలకు రెండు వైపులా తీసిన ఫోటోలు, కాటా చీటీ.