బ్యాంకు పోయినా ఊరి ఫండు ఊళ్లోనే ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీల్లో తరచూ ఒకే రకం ఫొటో కనిపిస్తోంది. ఫలానా బ్యాంకు సేవా ట్రస్టు ఆధ్వర్యంలో కుట్టు మిషన్ల పంపిణీ, లేకపోతే వాటర్ కూలర్ ప్రారంభం, లేకపోతే వైకుంఠ రథం అందజేత. వెనకాల ఫ్లెక్సీ, ముందు వరసలో శాలువాలు కప్పుకున్న పెద్దలు, అసలు తీసుకునే మనిషి ఎక్కడో మూలన సగం కనిపిస్తూ ఉంటాడు. ఇచ్చేవాళ్లను తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు, అసలేమీ ఇవ్వనివాళ్లకంటే వీళ్లు వెయ్యి రెట్లు నయం. కానీ ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, రేపు ఆ బ్యాంకు ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోతే ఈ ట్రస్టు సంగతేంటి అని ఎవరూ అడగట్లేదు.

మాది బందరు. మాకు ఈ అనుమానం ఊరికే రాలేదు. 1923 నవంబరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది మా ఊళ్లోనే, లక్ష రూపాయల పెట్టుబడితో. ఇక్కడి జాతీయ కళాశాల నెలకొల్పిన వాళ్లలోనూ ఆయన ఒకరు. అంటే ఆ రోజుల్లో బ్యాంకు పెట్టినవాళ్లూ బడి పెట్టినవాళ్లూ ఒకళ్లే, ఊరికి ఏం కావాలో తెలుసుకోవడానికి వాళ్లకి అప్లికేషన్ ఫారం అక్కర్లేకపోయింది. 1980లో బ్యాంకు జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బోర్డులు మారాయి, హైదరాబాద్‌లో ఉండే హెడ్డాఫీసు ముంబయికి పోయింది. స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లాంటివి కొత్త పేరుతో నడుస్తున్నాయి, కాదనను. కానీ మా ఊరి గ్రంథాలయానికి కుర్చీలు కావాలంటే అడగడానికి ఇప్పుడు ఇక్కడ ఎవరున్నారు? బ్రాంచి మేనేజరుని అడిగితే ఆయన పైకి రాస్తారు, పైనుంచి జవాబు వచ్చేలోగా ఆయనకి ట్రాన్స్‌ఫర్ అవుతుంది.

రూల్స్ కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది బ్యాంకులన్నీ లాభంలో రెండు శాతం సేవకి ఇచ్చి తీరాలనుకుంటారు. ఆ రెండు శాతం నిబంధన 2013 నాటి కంపెనీల చట్టంలోది, దాని కిందికి వచ్చే ప్రైవేటు బ్యాంకులకు అది వర్తిస్తుంది. ప్రభుత్వ బ్యాంకులూ సహకార బ్యాంకులూ ఆ చట్టం కింద ఏర్పడినవి కావు. పట్టణ సహకార బ్యాంకుల విరాళాలకు రిజర్వ్ బ్యాంకు పెట్టింది గరిష్ఠ పరిమితి, అంతకుముందు ఏడాది లాభంలో ఒక శాతం. ఇంత కచ్చితంగా ఇవ్వాలని కాదు, ఇంతకు మించి ఇవ్వొద్దని. డైరెక్టర్లకో వాళ్ల బంధువులకో సంబంధం ఉన్న ట్రస్టులకు ఇవ్వకూడదని కూడా ఉంది. ఈ రెండో రూలు మంచిదే. చైర్మన్ గారి బామ్మర్ది ట్రస్టుకి బ్యాంకు డబ్బు వెళ్లడం మన దగ్గర వింతేమీ కాదు కదా.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చెబితే నేను చదివిన సంగతి ఒకటి ఉంది. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో 1850లో మొదలైన ఒక పొదుపు బ్యాంకు ఉండేది, చివరికి దాని పేరు ఇండిపెండెన్స్ కమ్యూనిటీ బ్యాంక్. దానికి మొదట్లో షేర్‌హోల్డర్లు లేరు. 1998లో షేర్ మార్కెట్‌కి వెళ్లేటప్పుడు కొన్ని షేర్లు పక్కకు తీసి ఒక ఫౌండేషన్ పేరున రాసేసింది. ఏటా లాభం చూసుకుని ఎంతో కొంత ఇస్తామనలేదు, ఆస్తినే ఇచ్చేసింది. 2006లో సావరిన్ అనే పెద్ద బ్యాంకు దాన్ని కొనేసుకుంది, ఆ సావరిన్ పేరు కూడా 2013లో శాంటాండర్ అయిపోయింది. ఫౌండేషన్ మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే దాని డబ్బు దానిదే. 2009లో అది బ్రూక్లిన్ కమ్యూనిటీ ఫౌండేషన్‌గా మారి, బయటివాళ్ల దగ్గర కూడా విరాళాలు తీసుకుంటూ ఆ ప్రాంతంలోని సంస్థలకు సాయం చేస్తూ వస్తోంది. అక్కడ ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా తమ ఆస్తిలో ఇంచుమించు ఐదు శాతం ఖర్చు చేయాలి, ఎవరికెంత ఇచ్చారో పన్ను రిటర్నులో చూపించాలి, ఆ కాగితం ఎవరైనా చూడొచ్చు. మన బ్యాంకు ట్రస్టుల్లో ఎన్ని ఆ మాత్రం జాబితా నోటీసు బోర్డు మీద పెడుతున్నాయి?

అక్కడంతా స్వర్గం, మనం ఏమీ చేయలేదు అని నేననడం లేదు. మన సహకార బ్యాంకులు షేర్ మార్కెట్‌కి వెళ్లవు కాబట్టి అదే దారి మనకి కుదరదు. కానీ ఏటా విరాళాలకని తీసే డబ్బులో సగమైనా ఖర్చుపెట్టకుండా వేరే ట్రస్టులో మూలనిధిగా వేస్తూ పోతే, వడ్డీ మాత్రమే వాడితే, పదిహేనేళ్లలో ఏ చిన్న పట్టణంలోనైనా చెప్పుకోదగ్గ మొత్తం తయారవుతుంది. ఆ ట్రస్టులో బ్యాంకు డైరెక్టర్లు ఉండకూడదు. ఊళ్లో రిటైరైన టీచర్లూ, డాక్టర్లూ, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లూ ఉండొచ్చు, వాళ్లకి ఏ సంస్థ నిజంగా నడుస్తోందో ఏది లెటర్‌హెడ్ మీదే ఉందో బాగా తెలుసు.

ఇంకో విషయం, ఇది నాకు దగ్గరగా తెలిసిందే. నేను సాయం చేసే ఒక చిన్న సంస్థ సాయంత్రం పూట పిల్లలకి ట్యూషన్లు చెప్పిస్తుంది, పక్క గదిలో ఆడపిల్లలకి కుట్టు నేర్పించేది. ఒక బ్యాంకు వారు మిషన్లు ఇచ్చారు, సంతోషం. కుట్టు నేర్పే టీచరుకి నెల జీతం ఇవ్వలేక ఆవిడ మానేసింది, ఇప్పుడు మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. జీతానికి ఏడాదిపాటు సాయం చేయమని అడిగితే ‘జీతాలకు ఇవ్వమండీ, వస్తువేదైనా అయితే చెప్పండి, పేరు రాయించుకోవచ్చు’ అన్నారు. కరెంటు బిల్లు మీద పేరు రాయించుకోలేరు కాబట్టి కరెంటు బిల్లుకి ఎవరూ ఇవ్వరు! పోనీ పెద్ద కంపెనీల దగ్గరికి వెళ్దామా అంటే ఆదాయపన్ను శాఖ దగ్గర చేయించుకునే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, దాని మీద కంపెనీల సేవా నిధులు తీసుకోవడానికి సీఎస్సార్-1 అనే రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. ఆడిటర్ ఫీజుకే మా చందాలు చాలవు. అందుకే ఊరి బ్యాంకు మీద ఆశ, కనీసం వాళ్లు మమ్మల్ని మొహం చూసి గుర్తుపడతారు.

ముందు డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంటే చాలు, ఈ దానధర్మాలెందుకు అనేవాళ్లూ ఉన్నారు. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మూతపడ్డప్పుడు జనం పడ్డ పాట్లు గుర్తున్నవాళ్లు ఆ మాట అనడంలో తప్పేం లేదు. నేనడిగేది డిపాజిట్లలోంచి కాదు, లాభంలో ఆ ఒక్క శాతం లోపు, అదీ ఇప్పటికే ఇస్తున్నదే. ఇచ్చే పద్ధతి మార్చమంటున్నా, అంతే.

సహకార బ్యాంకులో షేరు ఉన్న ప్రతివాడికీ మహాజనసభలో మాట్లాడే హక్కుంది. మనం మాత్రం సంతకం పెట్టి, టిఫిన్ తిని, ఇచ్చిన స్టీలు డబ్బా తీసుకుని వచ్చేస్తాం. నేను సభ్యుడిగా ఉన్న బ్యాంకుకి ఈసారి రాతపూర్వకంగా మూడు అడిగాను: విరాళాల జాబితా ఏటా బ్రాంచిలో అతికించడం, డైరెక్టర్లు లేని ట్రస్టు కమిటీ, ఇచ్చే డబ్బులో కొంత భాగం జీతాలకీ అద్దెలకీ కరెంటుకీ. జవాబు ఇంకా రాలేదు. మీ పాఠకుల్లో ఇలాంటి బ్యాంకుల సభ్యులు చాలామందే ఉంటారు, వాళ్లు కూడా తమ తమ బ్యాంకులకి ఇవే రాసి, మహాజనసభకి ముందే అజెండాలో చేర్చమని అడగాలని కోరుతున్నాను. ఏ బ్యాంకైనా ఇప్పటికే ఇలా చేస్తూ ఉంటే వాళ్ల వివరాలు మీ జిల్లా పేజీలో వేయండి, ఆ ఫొటో నేను కత్తిరించి దాచుకుంటా.

— ఒక పాఠకుడు, మచిలీపట్నం