పేరు పాతదైతే వంటా పాతదేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో మధ్యయుగాల చిరుతిళ్ల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. తెలిసినవాళ్లెవరో రాస్తారు, మీరు సవరణ వేస్తారు అని ఇన్నాళ్లు చూశాను. వేయలేదు. పత్రికలో పడింది కాబట్టి నిజమేననుకుని ఆ ముక్కలనే జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు.

ముందు ఇడ్లీ సంగతి. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో ఇడ్లీ ఉందని రాశారు. పేరు ఉన్న మాట నిజమే. కానీ ఆ రాజు మల్లెపువ్వుల్లాంటి ఇడ్లీలను ఎర్రకారం పచ్చడితో తినేవాడని ఎలా రాశారు? 1130 ప్రాంతపు ఆ సంస్కృత గ్రంథంలోని 'ఇడ్డరిక' మినప్పిండితో చేసిన చిన్న ఉండ. దాన్ని నేతిలో వేయించి మిరియాల పొడి, జీలకర్ర, ఇంగువ పట్టించాలి. కళ్ల ముందు పెట్టుకుని చూస్తే అది పునుగుకు దగ్గర చుట్టం. అంతకు వందేళ్ల ముందు, 1025 ప్రాంతంలో, చావుండరాయుడు కన్నడంలో రాసిన లోకోపకారంలో ఇంకో పద్ధతి ఉంది. మినప్పప్పును మజ్జిగలో నానబెట్టి మెత్తగా రుబ్బాలి. పెరుగు మీది తేట కలిపి జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఇంగువ చేర్చాలి. ఇంకా వెనక్కి పోతే 920 నాటి కన్నడ కథల గ్రంథం వడ్డారాధనెలో 'ఇడ్డలిగె' అన్న పేరు కనిపిస్తుంది.

వీటిలో బియ్యం లేదు. రాత్రంతా పులియబెట్టడం లేదు. ఆవిరి లేదు. ఈ మూడూ తీసేస్తే ఇడ్లీలో ఏం మిగులుతుంది? మినప్పప్పు జిగురు పులుపులో పుట్టిన గాలిని పట్టి ఉంచుతుంది, రవ్వ ఆ బుడగలకు గోడ కడుతుంది, ఆవిరి వాటిని అలాగే గట్టిపరుస్తుంది. ఒక వంతు పప్పుకు రెండు వంతులో అంతకు కాస్త ఎక్కువో రవ్వ పోసేది అందుకే. రవ్వ లేకుండా మినప్పిండి ఒక్కటే ఆవిరి మీద పెడితే కుడుము అవుతుంది, కాగిన నేతిలో వేస్తే గారె అవుతుంది. వంటింట్లో ఎవరిని అడిగినా ఈ తేడా చెప్తారు. వ్యాసం అచ్చుకు పోయే ముందు ఒక్కరినైనా అడగకూడదా?

ఎర్రకారం పచ్చడి మాట ఇంకా అన్యాయం. మిరపకాయ అమెరికా ఖండాల పంట. కొలంబస్ అటు వెళ్లింది 1492లో, వాస్కో డ గామా కోళికోడ్ చేరింది 1498లో. మిరప మన దేశానికి వచ్చింది ఆ తర్వాత, పోర్చుగీసు ఓడల మీద. అంతకుముందు ఘాటంటే మిరియం, పిప్పలి, అల్లం, శొంఠి. మన మాటే ఆ సంగతి చెబుతోంది: మిరియంలా మండే కాయ కాబట్టి మిరపకాయ. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్, కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి వచ్చినదీ అలాగే. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే.

మరి ఢిల్లీ సుల్తాను తుగ్లక్ విందులో బంగాళాదుంప సమోసా వడ్డించారని ఎలా రాశారు? 1333లో సింధు తీరం చేరిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ దర్బారు 'సంబుసక్' ఎలా ఉండేదో స్పష్టంగా రాశాడు. సన్నగా తరిగిన మాంసాన్ని బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లి, మసాలాలతో వండి, పల్చని రొట్టెలో మడిచి నేతిలో వేయిస్తారు. 1500 ప్రాంతంలో మాళవ సుల్తాను గియాత్ షా కొలువులో మొదలై ఆయన కొడుకు కాలంలో పూర్తయిన నిమత్‌నామా అనే వంటల పుస్తకంలో కొలతలు కూడా ఉన్నాయి. ఉడికిన కైమాకు సమానంగా ఉల్లి తరుగు, అందులో నాలుగో వంతు శొంఠి, కొద్దిగా వెల్లుల్లి, పన్నీటిలో నూరిన కుంకుమపువ్వు, వంకాయ గుజ్జు. దుంప ఊసే లేదు. ఇంత చక్కని వివరం చేతికి అందుతుండగా ఇప్పటి బండి మీది సమోసాను తీసుకెళ్లి సుల్తాను పళ్లెంలో పెట్టడం ఎందుకు?

జిలేబీ మొఘలుల కాలంలో పుట్టిందన్నది మరో తప్పు. మొఘలుల పాలన 1526లో మొదలైంది. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలోనే 'జులాబియా' ఉంది. పులిసిన పిండిని చిల్లు పెట్టిన కొబ్బరి చిప్పతో కాగే నూనెలోకి వలలా జారవిడిచి, తీసి తేనెలో ముంచేవారు. కిటుకంతా పులుపులో ఉంది. పిండి సరిగ్గా పులవకపోతే చుట్ట లోపల బోలు ఏర్పడదు, పాకం పైనే నిలిచిపోతుంది. మరీ పులిస్తే చుట్ట నూనెలోనే తెగుతుంది. పాకం చల్లారినా లోపలికి దిగదు.

మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడన్న కథ కూడా వేశారు. ఆయన తిరిగొచ్చింది 1295లో. సిసిలీలో ఎండబెట్టిన పిండి తీగలు తయారుచేసి ఓడల్లో పంపుతున్నారని భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రిసీ 1154లోనే రాశాడు. 

ఇది ఒక్క మీ పత్రిక జాడ్యమే అయితే ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు. ప్రభుత్వ శాఖలు ఆహార ఉత్సవాలంటూ పెట్టే బోర్డుల్లోనూ ఇదే వరస. 'వేయేళ్ల నాటి వంట' అని రాస్తారు, కింద గిన్నెలో టమాటా తేలుతుంటుంది. ఆ బోర్డు రాయించడానికి, అచ్చువేయడానికి, రంగులకు డబ్బు ఉంటుంది, రాసింది చూసిపెట్టే మనిషి మాత్రం ఉండడు. పిల్లలు అదే చదివి బడిలో ప్రాజెక్టు రాస్తారు. ఒకప్పుడు పత్రికల్లో అక్షర దోషం దొర్లినా మర్నాడు సవరణ పడేది. ఇప్పుడు ఐదు వందల ఏళ్ల తేడా వచ్చినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాదు. ఇడ్డరిక, సంబుసక్ రెండింటికీ దినుసులు, చేసే తీరు పూర్తిగా ఇవ్వండి. పక్కనే ఇప్పటి ఇడ్లీకి, సమోసాకు పడే దినుసులు కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు